గుటక వినిపించే కొండ

"పత్రం పుష్పం ఫలం తోయం" అన్న గీతా శ్లోకం తెలుగువారికి కొత్తది కాదు. ఆకు, పువ్వు, పండు, నీరు అని వేళ్ల మీద లెక్కపెట్టుకుని మనం అక్కడే ఆగిపోతాం. ఆ శ్లోకం ప్రాణమంతా నాలుగో పాదంలో ఉంది: "అశ్నామి". ఆరగిస్తాను అంటున్నాడు స్వామి. ఆఖరికి నీటికి కూడా అదే మాట.

ఆ మాట చెవికి వినిపించే చోటు నాకు తెలిసి మంగళగిరి ఒక్కటే.

కొండ మీద పానకాల నరసింహస్వామికి నిండు విగ్రహం లేదు. కొండరాతిలో తెరుచుకున్న నోరే స్వామి. భక్తుడు బిందెతో తెచ్చిన పానకాన్ని అర్చకుడు శంఖంతో ఆ నోట్లో పోస్తూ ఉంటే లోపలి నుంచి గుటకలు వేస్తున్న శబ్దం వస్తుంది. అందరూ ఊపిరి బిగబట్టి వింటారు. ఆ శబ్దం ఆగిందంటే స్వామికి చాలినట్టు. ఇక చుక్క కూడా పోయరు. మిగిలిన సగం ప్రసాదమై మన చేతికి తిరిగి వస్తుంది. బెల్లం నీళ్లు ఎంత ఒలికినా అక్కడ చీమలు చేరవని ఊరివాళ్లు ఎంతో మురిపెంగా చెబుతారు.

కృతయుగంలో స్వామి అమృతం తాగాడట, త్రేతలో నెయ్యి, ద్వాపరంలో పాలు, కలిలో పానకం. యుగధర్మం దిగజారిన కొద్దీ నైవేద్యమూ తగ్గిందని కొందరు అర్థం చెబుతారు. నా మనసు దానికి ఒప్పుకోదు. అమృతం దేవతలకే దొరుకుతుంది. నెయ్యికి యజ్ఞం చేసేవాడు కావాలి. పాలకు ఇంట ఆవు ఉండాలి. బెల్లం, మిరియాలు, యాలకులు, నీళ్లు మాత్రం మగ్గం మీద బతికేవాడు కూడా తేగలడు. యుగయుగానికీ స్వామి ఒక్కో మెట్టు మనవైపు దిగి వచ్చాడు, అంతే.

మగ్గం అన్న మాట ఊరికే అనలేదు. మంగళగిరి అంటే చేనేత. కొండ కింద లక్ష్మీనరసింహస్వామి గుడి ముందు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09 మధ్య ఎత్తించిన పదకొండు అంతస్తుల గాలిగోపురం దూరం నుంచే కనిపిస్తుంది. ఆ నీడన పద్మశాలీల ఇళ్లలో గుంట మగ్గాలు ఆడుతూ వచ్చాయి. నేతగాడు గుంటలో కాళ్లు దించి, నేలకు సమానంగా కూర్చుని, పాదాలతో తొక్కుతూ చేత్తో నాడె విసురుతాడు. పడుగులోంచి పేక అటు వెళ్లి ఇటు వస్తుంది. మంగళగిరి చీరకు పేరు తెచ్చింది సాదా ఒడలు, అంచున జరీ. బుటాలతో కప్పిపుచ్చుకునే వీలు లేదు కాబట్టి ఒక్క పోగు తప్పినా కంటికి తగులుతుంది. అందుకే ఆ పనిలో ఉన్న నిష్ఠను చూస్తే నాకు ఆ గీతా శ్లోకంలోనే "అశ్నామి" పక్కన ఉన్న "ప్రయతాత్మనః" అన్న మాట గుర్తొస్తుంది. శుద్ధమైన మనసు గలవాడు ఇచ్చింది ఆరగిస్తానని కదా స్వామి చెప్పింది!

అయితే సగం తిరిగి ఇస్తానని గీతలో లేదు. అది మంగళగిరి చేర్చిన మాట. దాన్ని ఊరివాళ్లు ఎలా అర్థం చేసుకున్నారో కొండ దిగాక కనిపిస్తుంది. మెట్లు దిగి వచ్చిన పానకం ఇంట్లోవాళ్ల గ్లాసులతో ఆగదు. పక్క ఇంటికి వెళుతుంది. మగ్గం ఆపి, గుంటలోంచి కాళ్లు తీయకుండానే దోసిలి పట్టిన చేతిలో పడుతుంది. ఆ చేయి కళ్లకద్దుకుని తాగి, తడిని తలకు రాసుకుని, మళ్లీ నాడె అందుకుంటుంది.