నెట్ సైకాలజీ: 38 ప్రశ్నలు వదిలేసి వచ్చిన అటెంప్ట్

మొన్న యూజీసీ నెట్ రిజల్ట్ వచ్చింది. జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది! అందరూ ఫోన్ చేసి బుక్ లిస్ట్ అడుగుతున్నారు. అది మీ దగ్గరా ఉన్నదే. నేను చెప్పేది అంతకుముందు పోయిన అటెంప్ట్ గురించి.

ఆ పరీక్షకు రెండు నెలల ముందు, నేనెక్కిన బస్సు రాత్రిపూట ఆగున్న లారీని గుద్దింది. ముందు సీటాయన అక్కడికక్కడే పోయారు. నాకు గీత కూడా పడలేదు. మూడో రోజే పుస్తకం పట్టా. "గట్టి పిల్ల" అన్నారు ఇంట్లో.

పేపర్-2 మధ్యలో కరెంటు పోయి జనరేటర్ వేశారు. సిస్టమ్స్ ఆగలేదు, కిటికీలోంచి డీజిల్ వాసన వచ్చిందంతే. మౌస్ మీద ఎవరిదో చెయ్యి. సగం చెరిగిన గోరింటాకు నాదేనని తెలుసు, నాదనిపించట్లేదు. స్క్రీన్ ఎక్కడో అద్దం అవతల. భయం కూడా లేదు, అదే విచిత్రం. మళ్లీ టైమర్ చూసేసరికి 50 నిమిషాలు పోయాయి. నెగటివ్ మార్కులు లేని పరీక్షలో 38 ఖాళీలు! గుడ్డిగా అన్నిటికీ ఒకే ఆప్షన్ కొట్టినా కొన్ని తగిలేవి.

అమ్మ దిష్టి తీసింది. ఫ్రెండ్స్ ప్రిపరేషన్ చాల్లేదన్నారు. చాలక కాదండీ, ఫ్రెంచ్ సైకాలజిస్ట్ పియర్ జానే 1889లోనే డిసోసియేషన్ (మనసు తన అనుభవం నుంచి విడిపోవడం) గురించి రాశాడని, దాన్ని కొలిచే ప్రశ్నావళి డీఈఎస్‌లో 28 అంశాలని, ఫ్యూగ్ (తానెవరో మరిచి ఎటో వెళ్లిపోవడం) ఇప్పుడు డిసోసియేటివ్ ఆమ్నీషియా (జ్ఞాపకాలు పోవడం) కిందికొచ్చిందని నిద్రలో లేపినా చెప్పేదాన్ని. తన ఒళ్లే తనది కాదనిపించే డీపర్సనలైజేషన్‌లో రియాలిటీ టెస్టింగ్ (ఏది నిజమో తెలిసే శక్తి) చెక్కుచెదరదన్న పాయింట్‌ను మ్యాచింగ్ ప్రశ్నల కోసం వందసార్లు చదివా. "నాదేనని తెలుసు, నాదనిపించట్లేదు" అంటే అదేనని రివిజన్‌లో వెలిగింది. పారిపోలేక, ఎదిరించలేక ఇరుక్కున్నప్పుడు మనసు తనే పక్కకు తప్పుకుంటుంది. మానసిక రుగ్మతలను వర్గీకరించే పుస్తకం డీఎస్ఎం-5లో ట్రామా చాప్టర్ వెంటనే డిసోసియేటివ్ చాప్టర్ పెట్టింది ఊరికే కాదు. (బోనాల పూనకాన్ని ఇందులో కలిపేయకండి. ఆచారంలో భాగమైనది డిజార్డర్ కాదు, పేపర్ ఇచ్చేవాడు ఆప్షన్లలో అక్కడే పడేస్తాడు.)

ఒక్కసారి ఇలా అయినంత మాత్రాన డిజార్డర్ అనుకోనక్కర్లేదు. పదే పదే అవుతుంటే మాత్రం మాక్ టెస్టులు పెంచడం మందు కాదు. నేను నాలుగు నెలలు క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికెళ్లా. ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్ లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. మిగతాది మామూలే: ఐదింటికి లేవడం, పాత పేపర్లు, రీల్స్ బంద్. రీల్స్ చూస్తూ టైమ్ లేదనేవాళ్లతో నేను వాదించను.

ఈసారి హాల్లో జనరేటర్ లేదుగానీ, 92వ ప్రశ్న దగ్గర స్క్రీన్ మళ్లీ దూరం జరిగింది. కాళ్లు నేలకు అదిమిపెట్టి కనిపించినవి లెక్కపెట్టా: ముందమ్మాయి జడకున్న నీలం రబ్బరు బ్యాండు, ఫ్యాను, అగ్గిపెట్టంత స్టిక్కరు, గోడ మీద చెమ్మ, నా చెయ్యి. 93 నొక్కా.