అమ్మ నిద్ర కోసం కంప్యూటర్ ఫ్యాన్లతో మూడు నెలలు

మాది వరంగల్‌లో ఎనుమాముల వైపు రెండు గదుల ఇల్లు. నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ముహూర్తాల సీజన్‌లో పని రాత్రి ఒంటిగంట దాటేదాకా ఉంటుంది. కంప్యూటర్ పెట్టిన గదిలోనే అమ్మ మంచం. నిరుడు డిసెంబర్ నుంచి ఆమెకు నిద్ర సరిగా పట్టట్లేదు. కంప్యూటర్ శబ్దం బాగా ఎక్కువైందేమో అనుకుని అడిగితే, ఆమె చెప్పింది వేరు.

"నీ డబ్బా ఊకె లేస్తది, ఊకె పడుతది బిడ్డా. మీది ఫ్యాను మోగుతలేదా, దాని కింద పండుకుంటలేనా? ఒక్క తీరుగ మోగితే చెవులు అలవాటు పడతయ్."

ఈ మాటను నేను వెంటనే పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే రెండు నెలలు మిగిలేవి. శబ్దం తగ్గించాలనే అనుకున్నాను కానీ, శబ్దం మారకుండా చూడాలని నాకు తట్టలేదు.

ముందు ఊళ్లోనే ఒక షాపులో చూపించాను. పెద్ద క్యాబినెట్, ప్రాసెసర్‌ను నీళ్లతో చల్లబరిచే వాటర్ కూలర్ వేయాలన్నారు. అంత డబ్బు పెట్టే ముందు అసలు మోగేది ఏదో తెలుసుకోవాలనిపించింది. సైడ్ ప్యానెల్ విప్పి, ఫ్యాన్ మధ్యలో ఉండే గుండ్రటి మూత మీద వేలు మెల్లగా ఆనించి, ఒక్కోదాన్ని రెండు మూడు సెకన్లు ఆపి విన్నాను. రెక్కల మీద మాత్రం వేలు పెట్టకూడదు. వెనక ఫ్యాన్ ఆపితే ఎప్పుడూ ఉండే హోరు పోయింది. ప్రాసెసర్ మీది ఫ్యాన్ ఆపితే ఆ లేచి పడే మోత పోయింది. అంటే ఉన్నవి రెండు వేర్వేరు జబ్బులు.

హోరు సంగతి తేలిగ్గానే దొరికింది. వెనక ఫ్యాన్‌కు ఉన్నవి మూడు పిన్నులే. ఒకటి గ్రౌండ్, ఒకటి 12 వోల్టులు, మూడోది ఎంత వేగంగా తిరుగుతుందో బోర్డుకు చెప్పేది. నాలుగు పిన్నుల ఫ్యాన్‌కు వేగం చెప్పడానికి వేరే తీగ ఉంటుంది. అందులో పీడబ్ల్యూఎం సిగ్నల్ సెకనుకు 25,000 సార్లు ఆన్, ఆఫ్ అవుతూ పోతుంది. మన చెవి వినగలిగేది 20,000 దాకానే కాబట్టి ఆ సిగ్నల్ మోత మనకు వినపడదు. మూడు పిన్నుల ఫ్యాన్‌కు ఆ తీగ లేదు. దాని వేగం తగ్గాలంటే వోల్టేజీనే తగ్గించాలి. నా బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే బోర్డు సెట్టింగుల్లో, ఆ పోర్టు పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉంది. అందుకే పాపం అది నాలుగేళ్లుగా పూర్తి 12 వోల్టుల మీదే తిరుగుతోంది. వోల్టేజీని తగ్గించే డీసీ మోడ్‌కు మార్చాను. మొదట 40 శాతం పెడితే అసలు కదల్లేదు, బయలుదేరడానికి ఆ వోల్టేజీ చాల్లేదు. 55 పెట్టాను, కదిలింది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, నాకు చాలా పనికొచ్చింది. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే గాలి కూడా దాదాపు సగమే అవుతుంది. శబ్దం మాత్రం 15 డెసిబెల్స్ దాకా పడిపోతుంది. పది తగ్గితేనే చెవికి సగమైనట్టు ఉంటుంది. అందుకని ఒక ఫ్యాన్‌ను ఉరికించే బదులు రెండింటిని నిదానంగా నడపడం మేలు.

ఇక ప్రాసెసర్ ఫ్యాన్. దాన్ని విప్పి చూసి బాధపడ్డాను. ఫ్యాన్‌కూ కింది అల్యూమినియం రేకులకూ మధ్య పరుపులా దూది పేరుకుంది. మార్కెట్‌కు పత్తి బండ్లు వచ్చే రోజుల్లో మా వీధిలో నూగు గాలిలో ఎగురుతూనే ఉంటుంది. అది వచ్చి ఇక్కడ చేరింది. ఊదడానికి బ్లోయర్ వాడేటప్పుడు రెక్కలను వేలితో పట్టుకోవాలి. వదిలేస్తే అవి అడ్డగోలు వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

ప్రాసెసర్ వేడిని రేకులకు అందించే థర్మల్ పేస్ట్ కూడా ఎండిపోయిందని కూలర్, అంటే ఆ ఫ్యాన్, రేకులు కలిసిన ముక్క, తీశాను. ఈ పని చేసేవాళ్లకు ఒక మాట: నా ప్రాసెసర్ రైజెన్ 5 3600, అది కూర్చునేది ఏఎం4 సాకెట్‌లో. ఇందులో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. పేస్ట్ గట్టిపడి ఉంటే, కూలర్‌ను నిటారుగా లాగినప్పుడు ప్రాసెసర్ కూడా ఊడొచ్చి పిన్నులు వంగొచ్చు. నేను పదిహేను నిమిషాలు బరువైన పని పెట్టి వేడెక్కించి, ఆఫ్ చేసి, కూలర్‌ను అటూ ఇటూ కొంచెం కొంచెం తిప్పి తీశాను. చేతులు వణికాయి, కానీ క్షేమంగా వచ్చింది.

వేడి 12 డిగ్రీలు తగ్గింది. మోత మాత్రం ఇంకా లేస్తూ పడుతూనే ఉంది! అప్పుడు అమ్మ మాట గుర్తొచ్చి, వేడి గ్రాఫ్ పెట్టుకుని గంటసేపు చూస్తూ కూర్చున్నాను. ఒక ఫోటో తెరిస్తే చాలు, ప్రాసెసర్ 45 నుంచి 60కి రెప్పపాటులో ఎగిరి మళ్లీ దిగుతోంది. కూలర్ లోహం వేడెక్కనే లేదు, ఫ్యాన్ మాత్రం ఉరుకుతోంది. ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంతో తిరగాలో చెప్పే గీత బయోస్‌లో ఉంటుంది, దాన్ని 65 డిగ్రీల దాకా ఒకే వేగం ఉండేలా మార్చాను. వేగం పెంచే ముందు ఎంతసేపు ఆగాలో చెప్పే సెట్టింగ్ ఇంకోటి ఉంది, దాన్ని ఐదు సెకన్ల దగ్గర పెట్టాను. దీనికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. అమ్మ ఆ రాత్రి నా కంటే ముందే పడుకుంది.

తర్వాత గాలి సరిపోవాలని కాజీపేటలో పొద్దున రైలెక్కి కంప్యూటర్ సామాన్లు దొరికే సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి, 120 మిల్లీమీటర్ల నాలుగు పిన్నుల ఫ్యాన్లు రెండు తెచ్చాను. ఫ్యాన్ కంట్రోలర్ కూడా కొనమన్నారు. లేబుల్ మీద చూస్తే ఒక్కో ఫ్యాన్ తీసుకునేది 0.15 ఆంపియర్. నా బోర్డులో ఒక్క పోర్టే 1 ఆంపియర్ ఇస్తుంది. ఒక పోర్టుకు రెండు ఫ్యాన్లు కలిపే వై కేబుల్‌తో పని అయిపోయింది. ఆరేడు ఫ్యాన్లు ఉన్నవాళ్లకు, బోర్డు నుంచి కాకుండా పవర్ సప్లై సాటా తీగ నుంచి కరెంటు తీసుకునే హబ్ అవసరమే, నాకు కాదు.

రెండూ ముందు బిగించి చూస్తే కొత్త చిక్కు. ఒకటి ఉన్నప్పుడు లేని "వూం... వూం..." అనే అల రెండింటితో వచ్చింది. రెండు ఫ్యాన్లు దాదాపు ఒకే వేగంతో, కానీ ఒక పిసరు తేడాతో తిరిగితే ఇట్లా అవుతుంది. ఒకదాన్ని వెనకకు మార్చి, పాత మూడు పిన్నుల దాన్ని తీసేసి, వేరే పోర్టుకు కలిపాను. ముందుది నిమిషానికి 700 చుట్లు, వెనకది 850. అల పోయింది. ముందు జాలీకి సన్నటి ఫిల్టర్ పెట్టాను. పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి క్యాబినెట్ కాళ్ల కింద వేశాను, దాంతో బల్ల అదురు ఆగింది.

ఏప్రిల్ దాకా హాయిగా ఉంది. మే నెలలో బయట 44 డిగ్రీలు, గదిలో 38. ఏ ఫ్యాన్ అయినా గది గాలి కంటే చల్లగా చేయలేదు కదా. గీత చలికాలంలో పెట్టింది, ఇప్పుడు ప్రాసెసర్ వేడి పదేసి డిగ్రీలు పైకి జరిగి, ఫ్యాన్ మళ్లీ లేవడం మొదలుపెట్టింది. ఈసారి ఫ్యాన్ జోలికి పోలేదు. బయోస్‌లో ప్రాసెసర్ తక్కువ కరెంటు వాడే ఎకో మోడ్ పెట్టాను. 65 వాట్ల ప్రాసెసర్ 45 వాట్ల తరగతిలో నడుస్తుంది. ఆల్బమ్ ఎక్స్‌పోర్ట్‌కు కాస్త ఎక్కువ సమయం పడుతోంది, అంతే.

ఎండాకాలం అంకెలు, చలికాలం అంకెలు రెండూ కాగితం మీద రాసి సైడ్ ప్యానెల్ లోపల అతికించాను. మార్కెట్‌కు కొత్త పత్తి రావడం మొదలైన వారం నుంచి ప్రతి ఆదివారం ఫిల్టర్ దులపాలి. ఆ మాట కూడా అదే కాగితం మీద ఉంది.