గాలితో చల్లబడే పాత బోటు మోటారు వేడెక్కితే: నా అనుభవం

మొత్తానికి మోటారు దారికొచ్చింది. నిన్న ఫుల్ థ్రాటిల్‌లో అరగంట పైనే నడిపాను. పవర్ పడిపోలేదు, కాలిన వాసన రాలేదు, ఆపి మళ్లీ తాడు లాగితే వెంటనే అందుకుంది. ఇలాంటి పాత మోటారు ఉన్నవాళ్లెవరైనా నేను పడిన అవస్థ పడకూడదని, అన్నీ గుర్తుండగానే రాసేస్తున్నాను.

బోటు వెనక బిగించే మోటార్లు చాలావరకు కింది నుంచి నీళ్లు లాక్కుని, సిలిండర్ చుట్టూ తిప్పి, బయటికి చిమ్ముతాయి. నాది ఆ జాతి కాదు. గడ్డి కోసే మిషన్‌కి వాడే తరహా ఇంజిన్‌ని పొడవాటి కాలు మీద కూర్చోబెట్టిన రకం. అమెరికాలో ఎస్కా కంపెనీ టెకుమ్సే ఇంజిన్లతో ఇలాంటివి చాలా ఏళ్లు తయారుచేసింది. సియర్స్ పేరుతో కూడా అమ్ముడయ్యాయి. మన కాలంలో వచ్చిన హోండా బీఎఫ్2.3 కూడా గాలితోనే చల్లబడుతుంది, కాకపోతే అది ఫోర్‌స్ట్రోక్. నాది పాత టూస్ట్రోక్, తాగినంత ఆయిల్ తాగుతుంది, పొగ వదులుతుంది, అయినా నాకు ప్రాణం.

దాని జబ్బు ఇదీ. చల్లగా ఉన్నప్పుడు బంగారంలా నడిచేది. కాసేపటికి చప్పుడు మారేది, ఏదో బరువు మోస్తున్నట్టు మూలిగేది, తర్వాత ఆగిపోయేది. వెంటనే తాడు లాగితే బిగుసుకుని వచ్చేది. చల్లారాక మళ్లీ మామూలే. వేడికి పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ని పట్టేస్తోందని అప్పుడే అర్థమైంది. ఆ దశలో మొండికేసి నడిపితే పిస్టన్ గీసుకుపోతుంది, ఆ తర్వాత బాగుచెయ్యడానికి ఏమీ మిగలదు. కాబట్టి నడపడం ఆపేసి విప్పడం మొదలుపెట్టాను.

ప్లగ్ తీసి చూస్తే పింగాణీ తెల్లగా ఉంది, ఉండాల్సింది లేత గోధుమరంగు. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ వెళ్తోందేమోనని కార్బురేటర్ విప్పి జెట్ (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) శుభ్రం చేశాను. ఇంజిన్ నడుస్తుండగా గాస్కెట్ల (భాగాల మధ్య సందు మూసే పొరల) చుట్టూ కార్బ్ క్లీనర్ కొట్టాను, స్పీడులో తేడా రాలేదు, అంటే ఎక్కడా గాలి పీల్చడం లేదు. ఫ్లైవీల్ (ఇంజిన్ పైన తిరిగే బరువైన చక్రం) లేపి, దాన్ని ఇరుసు మీద జరగకుండా పట్టుంచే కీ చూశాను, ఎక్కడా తెగలేదు. స్పార్క్ ఎప్పుడు పడాలో నిర్ణయించే పాయింట్స్ గ్యాప్ మాన్యువల్ చెప్పినట్టే ఉంది. ఎగ్జాస్ట్ పోర్టులో (పొగ బయటికి పోయే రంధ్రంలో) పేరుకున్న మసిని పిస్టన్‌తో పోర్టు మూసి చెక్కపుల్లతో గీకేశాను. సిలిండర్ వేడిని గాలికి వదిలే ఫిన్స్ (పలుచటి లోహపు పలకలు) మధ్య ఆయిల్‌తో కలిసి గట్టిపడిన మట్టిని బ్రష్‌తో కడిగాను. ఇవన్నీ ఎవరైనా ఇంట్లో చేసుకోగలిగిన పనులే. కానీ వేడి తగ్గలేదు.

అప్పుడు చేసేది లేక, అంతకుముందు స్టార్టర్ తాడు మార్చిన మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లాను. అక్కడ జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆయన మోటారుని నీళ్ల డ్రమ్ములో పెట్టి స్టార్ట్ చేశాడు. "నీళ్ల ధార ఎక్కడ సార్?" అన్నాడు. ఇది గాలితో చల్లబడేది, నీళ్ల ధార రాదండీ అన్నాను. పెద్దగా నవ్వాడు. షెడ్డులో ఉన్న నలుగురైదుగురిని పిలిచి, "సార్ బోటు మోటారు నీళ్లలో ఉంటుందట, నీళ్లు మాత్రం వాడదట" అని వినిపించాడు. అందరూ నవ్వారు. సిలిండర్ మీద ఉన్న ఫిన్స్ చూపించాను. వినలేదు. నేను వద్దంటున్నా కింది గేర్ భాగం ఊడదీసి, లోపల ఇంపెల్లర్ (నీళ్ల పంపులో తిరిగే రెక్కల చక్రం) లేకపోయేసరికి కేసు తేలిపోయినట్టు, "ఇదిగో, మీకు అమ్మినవాడు పంపు పీకేసుకున్నాడు, మోసపోయారు" అన్నాడు. నా మోడల్లో ఆ పంపు పుట్టుకతోనే లేదు. ఈ రకంలో కొన్నిటికి ఎగ్జాస్ట్ కాలుని చల్లబరచడానికి చిన్న పంపు ఉంటుంది, నిజమే. అది ఉన్నా సిలిండర్‌ని చల్లబరిచేది గాలే. ఇంత చెప్పినా, "పాత ఇనుముకి వేసెయ్యండి సార్" అని చేతులు దులుపుకున్నాడు. ఊడదీసిన భాగాన్ని తిరిగి బిగించను కూడా లేదు, సంచిలో వేసి ఇచ్చాడు. పదిమంది ముందు, మనకు తెలిసిన విషయం మీదే మనల్ని తెలివితక్కువ వాళ్లలా నిలబెడితే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఇంటికొచ్చి కోపం దిగాక పార్టుల బొమ్మ ముందు పెట్టుకుని, ఒక్కొక్క భాగాన్నీ మోటారుతో పోల్చడం మొదలుపెట్టాను. దొంగ అక్కడే దొరికాడు. బొమ్మలో సిలిండర్ వెనకవైపు వంపు తిరిగిన ఒక చిన్న రేకు ఉంది. నా మోటారుకి అది లేదు. అది ఉండాల్సిన చోట రెండు ఖాళీ స్క్రూ రంధ్రాలున్నాయి, వాటి చుట్టూ స్క్రూ తల సైజులో పెయింట్ కొత్తగా, మెరుస్తూ ఉంది. చుట్టుపక్కలంతా మసి, ఆ రెండు చోట్ల మాత్రమే శుభ్రం. అంటే ఆ స్క్రూలు ఈమధ్యే ఊడాయి. సిలిండర్‌కి ముందువైపు ఫిన్స్ పెయింట్ చెక్కుచెదరలేదు, వెనకవైపు ఫిన్స్ మీద మాత్రం మాడి గోధుమరంగుకి తిరిగి పొట్టులా రాలుతోంది. ఒకే సిలిండర్‌కి ఒక పక్క చల్లగా, ఒక పక్క నిప్పులా ఉందన్నమాట.

ఫ్లైవీల్ మీదున్న రెక్కలు పైనుంచి గాలి పీల్చి పక్కకి చిమ్ముతాయి. ఆ గాలిని పైకప్పు ఒడిసిపట్టి సిలిండర్ వైపు తోస్తుంది. వెనకున్న రేకు దాన్ని ఫిన్స్ సందుల్లోంచి దూరేలా చేసి, అవతలి పక్కదాకా చుట్టి పంపిస్తుంది. నీళ్ల గొట్టం చివర వేలు అడ్డం పెడితే ధార ఎలా బిగుస్తుందో, అదే పని. రేకు తీసేస్తే గాలి తేలిక దారి చూసుకుని బయటికి పోతుంది, వెనకవైపు ఫిన్స్‌కి గాలే అందదు. ప్లగ్ తీసేసి తాడు లాగుతూ, పలుచటి కాగితం ముక్క పట్టుకుని చూశాను. ముందువైపు రెపరెపలాడింది. వెనక పెడితే కదల్లేదు.

మర్నాడు ఆ బొమ్మ పట్టుకుని వెళ్లి ఈ రేకు ఏదని అడిగాను. ఆయన తడుముకోలేదు. "అదా సార్? తాడు మార్చినప్పుడు నేనే తీసేశాను. గాలి తగలకుండా అడ్డంగా ఉంది" అన్నాడు. రేకు తుక్కులో పోయిందట. గొడవపడలేదు కానీ, ఒక మాట మాత్రం గట్టిగానే చెప్పి వచ్చాను: అర్థం కాని భాగాన్ని అనవసరమైన భాగం అనకండి, దాన్ని గీసి, కోసి, రెండు స్క్రూలతో బిగించినవాడికి ఏదో కారణం ఉండే ఉంటుంది.

కొత్త రేకు దొరకలేదు. అట్టముక్కతో ముందు నమూనా కత్తిరించుకుని, సిలిండర్ వంపుకి సరిపోయేదాకా సవరించి, దాని ప్రకారం పలుచటి అల్యూమినియం షీటు కోశాను. ఫిన్స్ అంచులకి దాదాపు ఆనుకోవాలి, ఫ్లైవీల్‌కి మాత్రం ఎక్కడా తగలకూడదు. ఇంజిన్ అదురుతుంది కాబట్టి ఆ ఖాళీ ధారాళంగా వదలండి. అంచులు మడిస్తే షీటు వణకదు, పగలదు. నా చేత్తో చేసిన ఆ రేకు కంపెనీదానికి ఏమాత్రం తీసిపోదని ధైర్యంగా చెప్పగలను.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడేవాళ్లకి ఒక మాట. మెరిసే అల్యూమినియం మీద అది తక్కువ చూపిస్తుంది. ప్లగ్ పక్కన హెడ్ (సిలిండర్ మూత) మీద మాట్ నలుపు పెయింట్ చుక్క పెట్టి, ఎప్పుడూ అక్కడే కొలవండి. నాకు రేకు లేనప్పుడు 250 డిగ్రీల సెల్సియస్ దాటి ఇంకా ఎక్కుతూ ఉండేది. ఇప్పుడు 180 దగ్గర నిలబడిపోతోంది.

ఆయిల్ విషయంలో కూడా జాగ్రత్త. బోటు మోటారు కదా అని అందరూ టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ పోస్తారు. అది నీళ్లతో చల్లబడే ఇంజిన్ల కోసం చేసింది. గాలితో చల్లబడేవి అంతకంటే వేడిగా నడుస్తాయి కాబట్టి నేను ఏపీఐ టీసీ రకం ఆయిల్‌కి మారాను. పాళ్లు మాత్రం మీ మాన్యువల్‌లో ఉన్నవే వాడండి. పాత మోటార్లలో 24:1 (24 పాళ్ల పెట్రోలుకి ఒక పాలు ఆయిల్) అడిగేవి ఉన్నాయి, వాటికి కొత్త డబ్బా మీద 50:1 అని రాసుందని సగం ఆయిల్ పోస్తే చేతులారా చంపుకున్నట్టే. ఇంజిన్‌ని మూసిన గదిలో పరీక్షించకండి, పొగ ప్రాణాంతకం, పైగా అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. హెడ్ బోల్టులు మొదటి రన్ అయ్యి పూర్తిగా చల్లారాక మరోసారి టార్క్ (బిగుతు) చూసుకోండి. నావాటిలో ఒకటి కొంచెం వదులైంది, నిన్ననే బిగించాను.