నొప్పి కంటే ముందు వచ్చేవి

నాకు మైగ్రేన్ వచ్చేముందు ఆవలింతలు వస్తాయి. రాత్రి కంటినిండా నిద్రపోయినా సరే, మర్నాడు పదో తరగతికి త్రికోణమితి చెప్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటూనే ఉంటాను. మెడ పట్టేస్తుంది. తీపి మీదకి మనసు పోతుంది. మెడ పట్టడం వల్లనో, స్వీటు తినడం వల్లనో తలనొప్పి వచ్చిందని ఇంట్లో అంటుండేవారు. న్యూరాలజిస్టు గారు దాన్ని తిరగేసి చెప్పారు: అప్పటికే మైగ్రేన్ మొదలైపోయింది, ఇవి దాని మొదటి దశ. ఆ ఒక్కమాట నాకెంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

ఒక్కోసారి కంటి ముందు కూడా తేడా తెలుస్తుంది. మొన్న బోర్డు మీద 60 రాశాను, సున్నా కనిపించలేదు. కళ్ళు నులుముకున్నా అంతే. కాసేపటికి ఆ ఖాళీ చుట్టూ రంపం పళ్ళలాంటి మెరుపు గీత ఒకటి వణుకుతూ పెద్దదై, చూపు అంచుకి జరిగిపోయింది. కళ్ళు మూసుకున్నా అది పోదు. ఎందుకంటే అది కంట్లో లేదు, తల వెనకభాగంలో చూపును నడిపించే మెదడు పొర మీద మెల్లగా పాకే మార్పు అది. దీన్ని ఆరా అంటారు. మామూలుగా గంటలోపే తగ్గుతుంది. ఆరా వచ్చే ఆడవాళ్ళు ఆ సంగతి గైనకాలజిస్టుకి తప్పకుండా చెప్పాలి. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాళ్ళకి పక్షవాతం ముప్పు పెంచుతాయి.

ఆ తర్వాత ఎడమ కణత టపటపా కొట్టుకోవడం, వికారం. మెట్లెక్కితే రెట్టింపవుతుంది. ట్యూబ్‌లైటు, కుక్కర్ కూత, పోపు వాసన ఏదీ పడదు. ముక్కు కారడం, కళ్ళవెంట నీళ్ళు మైగ్రేన్‌లోనూ ఉంటాయి కాబట్టి చాలామంది దీన్ని సైనస్ అనుకుని ఏళ్ళతరబడి ఆవిరి పడుతుంటారు.

నాకు బాగా పనిచేసింది మాత్ర వేసుకునే సమయం. మైగ్రేన్ ముదిరాక పొట్టలో కదలిక మందగిస్తుంది, మాత్ర అక్కడే ఉండిపోతుంది. అందుకే నొప్పి మొదలవగానే, వాంతి తగ్గించే మాత్రతో కలిపి, డాక్టరు రాసిన సుమట్రిప్టాన్ అనే మైగ్రేన్ మాత్ర వేసుకుంటాను. గుండెజబ్బు ఉన్నవాళ్ళకి అది పనికిరాదు, అడక్కుండా కొనకండి. ఇలాంటి మందు నెలకి 10 రోజులు, అంతకుమించి నెలల తరబడి వాడితే ఆ మందే తలనొప్పి తెస్తుంది. అందుకే వేసుకున్న రోజు క్యాలెండర్‌లో సున్నా చుడతాను. అత్తయ్య శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేస్తారు. మైగ్రేన్ దానికి తగ్గదు గానీ, చీకటి గదిలో ఆవిడ చెయ్యి తగిలితే ప్రాణం కుదుటపడుతుంది.

ఖాళీ కడుపు నాకు అస్సలు పడదు. కార్తీక సోమవారం ఒక్కపొద్దు ఇప్పుడు పాలు, అరటిపండ్లతో సాగుతోంది. ఆదివారమైనా రోజూ లేచే వేళకే లేస్తున్నాను.

అయితే ప్రతి తలనొప్పినీ మైగ్రేన్ ఖాతాలో వెయ్యకండి. ఉన్నట్టుండి క్షణాల్లో ఎన్నడూ లేనంత నొప్పి వచ్చినా, మాట తడబడినా, చెయ్యీ కాలూ పడినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా ఆస్పత్రికే. యాభై దాటాక మొదటిసారి మొదలైన తలనొప్పిని కూడా డాక్టరుకి చూపించాలి.