సముద్రం లోపలి అలల మీద ప్రాజెక్టు, అనంతపురంలో వైవా: నా అనుభవం

నిన్ననే వైవా అయింది. పాసయ్యా, కానీ కోపం ఇంకా తగ్గలేదు. నాది ఎమ్మెస్సీ ఫిజిక్స్. సముద్రం అడుగున ఉన్న కొండల మీదుగా ఆటుపోట్ల నీరు పోయేటప్పుడు లోపల పుట్టే అలలే నా ప్రాజెక్టు. గైడ్ వెంటనే సంతకం పెట్టారు. సముద్రపు లోతులు జెబ్కో అనే ప్రపంచ సముద్రాల లోతుల పటంలో, ఉష్ణోగ్రత, ఉప్పదనం వరల్డ్ ఓషన్ అట్లాస్ అనే డేటా సంకలనంలో ఉచితంగానే దొరికాయి.

వైవాలో మొదటి స్లైడ్‌కే బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆపేశారు. "తాగడానికే నీళ్లు లేని ఊళ్లో సముద్రం గోల నీకెందుకమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. తైవాన్, ఫిలిప్పీన్స్ మధ్య ఉన్న లూజాన్ జలసంధి దగ్గర నీటి లోపల 200 మీటర్ల ఎత్తు దాటిన అలలు పుడతాయని చెప్తే, "నడిసముద్రంలో పోటే మీటరుండదు, ఒక సున్నా ఎక్కువేశావేమో చూసుకో" అని, జవాబు వినకుండా పక్కాయనతో మాటల్లో పడ్డారు. ఒళ్లు మండిపోయింది.

బోర్డు మీద బొమ్మ గీసి మొదలుపెట్టా. పోటు వచ్చినప్పుడు అడుగు నుంచి పైదాకా నీరంతా కదులుతుంది, చంద్రుడి వల్ల 12 గంటల 25 నిమిషాలకోసారి అటూ ఇటూ. కొండ అడ్డొస్తే ఆ నీరు వాలు ఎక్కి దిగాల్సిందే. అడుగున చల్లటి బరువు నీరు, పైన వెచ్చటి తేలిక నీరు. పైకి నెట్టిన బరువు నీరు మళ్లీ కిందికి జారుతుంది, ఆ ఊపే అలై దూరం పోతుంది. రెండు పొరల బరువులో తేడా వెయ్యిలో కొన్ని వంతులే, వెనక్కి లాగే బలం అంత తక్కువ కాబట్టే అల అంత ఎత్తు లేస్తుంది. ఉపరితలం మీద కొన్ని సెంటీమీటర్లే తెలుస్తుంది, దాన్నే 1992లో ఎగిరిన టోపెక్స్ పొసైడన్ ఉపగ్రహం పట్టుకుంది. ఎక్కడో దాకా ఎందుకు, మన అండమాన్ సముద్రంలోనే 60 మీటర్ల అలలున్నాయని 1980లోనే అచ్చయింది.

ఆటుపోట్ల శక్తిలో సుమారు ఒక టెరావాట్, అంటే లక్ష కోట్ల వాట్లు, లోతు సముద్రంలోనే ఖర్చవుతుందని 2000లో ఎగ్బర్ట్, రే అనే శాస్త్రవేత్తలు చూపించారు, అది కూడా ఎక్కువగా ఇలాంటి కొండల దగ్గరే. ఆ శక్తే పై నీటినీ కింది నీటినీ కలుపుతుంది. ఇక ఎగ్జామినర్ మొదట అన్న మాటకొస్తే, బంగాళాఖాతంలో వాయుగుండం పడితే గానీ చెరువు నిండని సీమ వాళ్లకి సముద్రం ఎందుకని అడగడం, అదీ చదువుకున్నవాళ్లు, నాకైతే అన్యాయం అనిపించింది.

వైవాకి వెళ్లేవాళ్లు బొమ్మ ముందు పెట్టండి, సమీకరణాలు తర్వాత. కొండ వాలు, అల శక్తి పోయే దారి వాలు సమానమైతే ఏమవుతుందని తప్పకుండా అడుగుతారు. దాన్ని క్రిటికల్ స్లోప్ అంటారు, అక్కడ శక్తి సన్నటి దారిలో గట్టిగా పోగవుతుంది. అది మాత్రం బాగా చదువుకుని వెళ్లండి, నన్ను అడిగింది ఆ ఎగ్జామినరే.