చెట్టు బ్యాచ్

ఆటల పీరియడ్ బెల్లు కొట్టగానే మా క్లాసు రెండు ముక్కలయ్యేది. సగం మంది గ్రౌండ్ మధ్యలోకి పరిగెత్తేవాళ్ళు. మిగతా సగం గ్రౌండ్ అంచున ఉన్న పెద్ద చెట్టు కిందకి చేరేవాళ్ళం. అందులో ఆడపిల్లలమే ఎక్కువ. మాకు 'చెట్టు బ్యాచ్' అని పేరు కూడా పడింది. హోంవర్కు రాసుకోవడం, కబుర్లు చెప్పుకోవడం, మళ్ళీ బెల్లు కొడితే లేచి గౌను దులుపుకుని క్లాసుకి వెళ్ళడం. ఎనిమిదో తరగతి మొదట్లో కూడా నా ఆటలంటే ఇవే.

దానికి నాకు కారణాలున్నాయి. అంతకుముందు చదివిన స్కూల్లో ఆలస్యంగా వస్తే గ్రౌండ్ చుట్టూ మూడు రౌండ్లు, హోంవర్కు మర్చిపోతే ఐదు. పరుగంటే శిక్ష అని నా ఒంటికి అలవాటైపోయింది. ఆయాసం వస్తే చాలు, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు ఉండేది. రెండోది జట్లు పంచుకోవడం. ఇద్దరు కెప్టెన్లు ఎదురెదురుగా నిలబడి ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుచుకునేవాళ్ళు. ఆఖరికి నేనూ, ఇంకో అమ్మాయీ మిగిలేవాళ్ళం. "నువ్వు తీసుకో" అంటే "నువ్వే తీసుకో" అని వాళ్ళు వాదించుకుంటుంటే మేం నేల చూస్తూ నిలబడేవాళ్ళం. అలా నాలుగుసార్లు నిలబడ్డ పిల్ల ఐదోసారి ఆ వరసలోకి వెళ్ళదు.

ఆ ఏడాదే మా స్కూలుకి కొత్త డ్రిల్లు మాస్టారు వచ్చారు. మొదటి వారం మమ్మల్ని ఏమీ అనలేదు. రెండో వారం ఆయనే చెట్టు కిందకి వచ్చి మా మధ్యలో కూర్చున్నారు. నేను లెక్కలు చేసుకుంటున్నాను. నా నోటుబుక్కు అందుకుని రెండు పేజీలు తిప్పారు.

"అంకెలు ముత్యాల్లా రాస్తున్నావమ్మా. నాకు స్కోరు రాసేవాళ్ళు కావాలి. రాస్తావా?"

ఆడతావా అని అడిగి ఉంటే తల అడ్డంగా ఊపేదాన్ని. రాస్తావా అన్నారు కాబట్టి లేచాను.

ఆయన ఇచ్చింది పొడవాటి అట్ట రిజిస్టరు. వాలీబాల్ కోర్టు బొమ్మ గీసి, ఆరుగురు ఎక్కడెక్కడ నిలబడతారో గుర్తులు పెట్టి, సర్వీస్ ఎవరిది, బంతి ఎక్కడ పడింది, పాయింటు ఎవరికి అన్నది ఎలా రాయాలో చూపించారు. మూడో రోజు ఇంకో పని అప్పగించారు. ఎవరి చేతికి బంతి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టమన్నారు. ఒకటే బంతి, ఇటు ఆరుగురు, అటు ఆరుగురు, చుట్టూ తమ వంతు కోసం నిలబడ్డవాళ్ళు. పీరియడ్ అయ్యాక లెక్క చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. బాగా ఆడే ఒక అబ్బాయి బంతిని నలభైసార్లకి పైగా ముట్టుకున్నాడు. పదకొండు మంది ఐదుసార్లు కూడా ముట్టుకోలేదు. పొలోమంటూ గ్రౌండ్‌కి పరిగెత్తినవాళ్ళలో కూడా చాలామంది నిలబడి చూసినవాళ్ళే. మాకూ వాళ్ళకీ తేడా నీడ ఒక్కటే.

ఆ పేజీని మాస్టారు చాలాసేపు చూశారు. తర్వాతి వారం నుంచి ఆటల పీరియడ్ రూపమే మారిపోయింది.

క్లాసులో నలభై రెండు మందిమి. ఆరు జట్లు, జట్టుకి ఏడుగురు. జట్లు కట్టిన పద్ధతి చెప్పకుండా ఉండలేను. ఆరుగురు కెప్టెన్లని స్టాఫ్ రూములో కూర్చోబెట్టి, అందరి పేర్లతో ఆరు సమానమైన జాబితాలు తయారు చేయమన్నారు. ఏ జాబితా ఎవరికి వస్తుందో చివర్లో చీటీలు తీసి తేల్చారు. తనకి ఏ జట్టు వస్తుందో తెలియదు కాబట్టి ఏ జట్టూ బలహీనంగా ఉండకుండా ప్రతి కెప్టెనూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పంచాడు. ఎవరి పేరు ముందొచ్చిందో, ఎవరిది ఆఖరున వచ్చిందో బయటికి రాలేదు. మేం చూసింది గోడమీద అంటించిన ఆరు కాగితాలే. ఒకదాంట్లో నా పేరు మిగతా ఆరు పేర్లతో కలిసి ఉంది. ఆ కాగితం ముందు నేను నిలబడినంతసేపు పరీక్షా ఫలితాల ముందు కూడా ఎప్పుడూ నిలబడలేదు.

పది వారాలు అదే జట్టు. రోజూ నాలుగు జట్లు ఆడితే రెండు జట్లు డ్యూటీలో ఉండేవి. రిఫరీ, లైన్ల దగ్గర నిలబడేవాళ్ళు, స్కోరు రాసేవాళ్ళు, బంతులు అందించేవాళ్ళు అందరూ పిల్లలమే. జట్టులో ఒకరు వార్మప్ చేయించాలి, ఒకరు కోచ్‌గా ఉండాలి. గెలిస్తే పాయింట్లు సరే, రిఫరీతో వాదించకుండా ఆడితే దానికి వేరే పాయింట్లు. చివరి వారం ఫైనల్స్, ఆ రోజు జెండాలు, రంగులు, చప్పట్లు. ఓడిన జట్లకీ ఆ రోజు ఆట ఉండేది.

చాలా ఏళ్ళకి ఫిజియోథెరపీ చదువుతున్నప్పుడు ఈ పద్ధతికి ఒక పేరుందని తెలిసింది. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన డారిల్ సీడెన్‌టాప్ దీన్ని 'స్పోర్ట్ ఎడ్యుకేషన్' అన్నాడు. 1994లో దానిమీద పుస్తకం తెచ్చాడు. వారాల తరబడి సాగే సీజన్, ఒకే జట్టులో కొనసాగడం, పద్ధతి ప్రకారం పోటీలు, లెక్కలు రాసి పెట్టుకోవడం, ముగింపు పోటీ, పండగ వాతావరణం, ఇవి ఆరూ అందులో ముఖ్యం. చదువుతుంటే అట్ట రిజిస్టరు కళ్ళముందు కదిలింది. మాస్టారు ఆ పేరు మా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన మాటల్లో అది "అందరికీ పని ఉండాలమ్మా" అంతే.

ఇక నా సర్వీస్ సంగతి. కోర్టు ఒక్కో వైపు తొమ్మిది మీటర్లు. వెనక గీత దగ్గర నిలబడి కొడితే నా బంతి నెట్‌దాకా కూడా వెళ్ళేది కాదు. పదకొండుసార్లు కొట్టాను, పదకొండూ పడిపోయాయి. మళ్ళీ చెట్టు కిందకే వెళ్ళిపోదామనుకుంటున్నాను. మాస్టారు వచ్చి నెట్ తాళ్ళు విప్పి, కిందికి దించి కట్టారు. టేపుతో కొలిచి చూపించారు, సరిగ్గా రెండు మీటర్లు. "నువ్వు నాలుగడుగులు లోపలికి రా" అన్నారు. ఎడమ అరచేతిలో బంతి, నడుము ఎత్తులో. కుడి చెయ్యి వెనక్కి. బరువు వెనక కాలి మీద నుంచి ముందు కాలి మీదకి వస్తుంటే మణికట్టు దగ్గర గట్టి భాగంతో కింద నుంచి తగలాలి. ఆ దెబ్బ శబ్దం వేరుగా ఉంటుంది, పొడిగా, 'టక్'మని. బంతి నెట్ టేపుని రాసుకుంటూ అటు పడింది. నా అరచేతి మొదట్లో ఎర్రగా కంది, బంతి కుట్ల గుర్తు పడింది. ఇంటికెళ్ళేదాకా ఆ గుర్తు చూసుకుంటూనే ఉన్నాను.

నెట్ దించితే కొందరు అబ్బాయిలు గొణిగారు, ఇది అసలు ఆట కాదని. అప్పుడాయన కథ చెప్పారు. 1891లో అమెరికాలో జేమ్స్ నైస్మిత్ అనే ఆయన బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. ఆ పరుగులూ తోపులాటలూ పెద్ద వయసువాళ్ళకి తట్టుకోవడం కష్టమైంది. నాలుగేళ్ళకి, 1895లో, మసాచుసెట్స్‌లోని హోలియోక్‌లో విలియం మోర్గాన్ అనే వ్యాయామ శిక్షకుడు వాళ్ళ కోసం మెత్తని ఆట ఒకటి తయారు చేశాడు. మొదట దాని పేరు మింటనెట్. అదే వాలీబాల్. ఆయన కట్టిన నెట్ ఎత్తు ఆరడుగుల ఆరంగుళాలు, అంటే రెండు మీటర్లకి కాస్త తక్కువ. ఇప్పుడు మగవాళ్ళకి 2.43, ఆడవాళ్ళకి 2.24 మీటర్లు. "ఇది ఆడలేనివాళ్ళ కోసం పుట్టిన ఆట. మనం దాన్ని పుట్టిన ఎత్తులో ఆడుతున్నాం" అన్నారు. గొణుగుడు ఆగిపోయింది. ఆ తర్వాత కోర్టుని అడ్డంగా ముక్కలు చేసి, ముగ్గురు ముగ్గురుగా, ఎక్కువ బంతులతో ఆడించారు. నేను మళ్ళీ లెక్కపెట్టాను. బంతిని అతి తక్కువగా ముట్టుకున్న పిల్లకి కూడా ఆ రోజు ముప్పై రెండుసార్లు అందింది.

లైన్ దగ్గర నిలబడ్డ ఒక మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. మ్యాచ్ ఆఖరి పాయింటు. నా ప్రాణ స్నేహితురాలి జట్టు గెలవాలంటే బంతి బయట పడాలి. బంతి గీత అంచున పడి లేచింది. అది పైకి లేస్తున్నప్పుడు దాని చర్మం మీద బొటనవేలంత సున్నం మరక కనిపించింది. జెండా కిందికి చూపించాను, లోపల అని. స్నేహితురాలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇద్దరు ముగ్గురు మాస్టారి దగ్గరికి పరిగెత్తారు. ఆయన తను చూసింది చెప్పనే లేదు. "లైన్ దగ్గర ఆ అమ్మాయి ఉంది, నేను లేను" అన్నారు. పదమూడేళ్ళ పిల్ల మాట మీద ఒక పెద్దమనిషి అలా నిలబడడం నేను అప్పటిదాకా చూడలేదు. మూడో రోజు స్నేహితురాలు తనే వచ్చి, "మరక నేనూ చూశానే" అంది.

ఆడపిల్లలకి నెలలో కొన్ని రోజులు కష్టంగా ఉంటుంది. వెనకటి స్కూల్లో అందరిముందు కారణం చెప్పాల్సి వచ్చేది, లేదా అబద్ధం చెప్పాల్సి వచ్చేది. ఇక్కడ స్కోరు రిజిస్టరు ఒక బల్లమీద ఉండేది. ఎవరికి కావాలంటే వాళ్ళు వెళ్ళి తీసుకోవచ్చు. ఎందుకని మాస్టారు అడిగేవారు కాదు, ఎవర్నీ అడగనిచ్చేవారు కాదు. ఆడే ఓపిక ఉంటే ఆ రోజుల్లో కూడా ఆడొచ్చని ఒక టీచరమ్మ చేత మాకు విడిగా చెప్పించారు. ఇంత చిన్న ఏర్పాటుతో చెట్టు బ్యాచ్ సగానికి సగం తగ్గిపోయింది.

పదో తరగతిలో ఆటల పీరియడ్ తీసేసి అదనపు క్లాసులు పెట్టారు. అందరం పరీక్షల టెన్షన్‌లో ఉన్నాం. నాకు నిద్ర పట్టేది కాదు, చదివింది గుర్తుండేది కాదు. మాస్టారు పెద్దలతో మాట్లాడి సాయంత్రం అరగంట సంపాదించారు. ఆ అరగంటలో పాయింట్లు లేవు, తాడాట, పరుగు, ఒక చిన్న ఆట. ఆ రాత్రుళ్ళు నేను నిద్రపోయాను. పిల్లల్లో వ్యాయామం ఒంటికే కాదు, ఏకాగ్రతకీ చదువుకీ కూడా మేలు చేస్తుందని, దిగులు తగ్గిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది. నాకది నా సొంత నిద్రలోంచి తెలుసు.

ఆ మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి రోజుకి సగటున కనీసం 60 నిమిషాల కదలిక కావాలి, కాస్త గట్టిగా ఊపిరి ఆడేంత. వారంలో కనీసం మూడు రోజులు ఎముకలకీ కండరాలకీ బలమిచ్చే పని ఉండాలి. 2016 నాటి లెక్కల్లో, 11 నుంచి 17 ఏళ్ళ వయసువాళ్ళలో ప్రపంచం మొత్తం మీద 81 శాతం మందికి ఆ మాత్రం కదలిక లేదు. అబ్బాయిల్లో 78, అమ్మాయిల్లో 85. ఆ 85 అంకె మొదటిసారి చదివినప్పుడు నాకు చెట్టే కనిపించింది, ప్రపంచమంత పెద్ద చెట్టు.

కాలేజీలో బ్రిటన్ వైద్యుడు జెర్రీ మోరిస్ పరిశోధన మాకు పాఠంగా ఉండేది. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. గుండెజబ్బులు కండక్టర్లలో తక్కువని 1953లో మోరిస్ బృందం ప్రచురించింది. మోరిస్ చెప్పిన ఆ కండక్టరు క్రీడాకారుడు కాదు, అతనికి కప్పులు రాలేదు. అతని పనిలోనే కదలిక ఉంది. చెట్టు కింద నాకు రిజిస్టరు ఇచ్చి లేపినాయన చేసింది కూడా అదే అని ఇప్పుడనిపిస్తుంది. పని ఇస్తే మనిషి లేస్తాడు, లేచినవాడు నాలుగడుగులు వేస్తాడు.

నా దగ్గరికి పదిహేను, పదహారేళ్ళ పిల్లలు మెడనొప్పితో, నడుం నొప్పితో వస్తున్నారు. ఎక్సర్‌సైజులు రాసిచ్చే ముందు ఒక ప్రశ్న అడుగుతాను, ఆటల పీరియడ్‌లో ఏం చేస్తావని. ఎక్కువమంది చెప్పే జవాబు, "కూర్చుంటాను." మాకు ఆటల పీరియడే లేదన్నవాళ్ళూ ఉన్నారు. స్కూలు టీం గెలుచుకొచ్చిన షీల్డులు ఆఫీసు గదిలో మెరుస్తుంటాయి. ఆ టీంలో పన్నెండు మంది ఉంటారు. మిగతా పిల్లల సంగతి ఏమిటని ఎవరైనా అడగాలి. నేను అడుగుతూనే ఉంటాను.

ఈసారి పాత విద్యార్థులం కలిసినప్పుడు మన స్కూలుకి ఏమివ్వాలని కమిటీ వాళ్ళు అడిగారు. పెద్ద ట్రోఫీ ఒకటి ఇద్దామని చాలామంది అన్నారు. నా మాట ఇది: ఆ డబ్బుతో బంతులు కొందాం, వీలైనన్ని, తేలికపాటివి కూడా కలిపి. వాలీబాల్ స్తంభాలు కొత్తవి వేయించండి. 2.43 దగ్గరా 2.24 దగ్గరా కొక్కేలు ఎలాగూ పెడతారు. రెండు మీటర్ల దగ్గర కూడా ఒకటి పెట్టమని చెప్పండి.