ఓవర్‌డ్రైవ్ పెట్టాక వెనక యాక్సిల్ రేషియో ఎంత ఉండాలి?

పాత కారుకు ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్సు (టాప్ గేరులో ఇంజన్ కంటే బయటి షాఫ్ట్ వేగంగా తిరిగేది) బిగించి, వెనక యాక్సిల్‌ను పాతదే ఉంచితే పని సగమే అయినట్టు. నేనూ అలాగే చేశాను. 3.08 యాక్సిల్ (చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా గేర్‌బాక్సు నుంచి వచ్చే షాఫ్ట్ 3.08 చుట్లు తిరుగుతుంది) ఉన్న నా వి8 కారులోని మూడు గేర్ల ఆటోమేటిక్‌ను తీసి, నాలుగు గేర్ల 700ఆర్4 పెట్టించాను. దాని నాలుగో గేరు 0.70 కావడంతో, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అంతకుముందు సుమారు 2,480 ఆర్‌పీఎం వద్ద తిరిగిన ఇంజన్ 1,730కి దిగిపోయింది. పెద్ద క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచి మూసే షాఫ్ట్) ఉన్న ఇంజన్‌కు అంత తక్కువ వేగంలో బలం ఉండదు. చిన్న ఎత్తు ఎదురైనా బండి అదిరి, మూడో గేరులోకి పడిపోయేది. ఓవర్‌డ్రైవ్ ఉండీ వాడుకోలేకపోయాను.

లెక్క కష్టమైనదేమీ కాదు. వేగాన్ని గంటకు కిలోమీటర్లలో తీసుకుని, యాక్సిల్ రేషియోతోను, టాప్ గేరు రేషియోతోను, 5,305తోను గుణించి, మిల్లీమీటర్లలో కొలిచిన టైరు వ్యాసంతో భాగిస్తే ఆర్‌పీఎం వస్తుంది. నా టైరు వ్యాసం 660. టైరు మీద రాసి ఉన్న కొలతను నమ్మడం కంటే, బండి బరువు టైర్ల మీద ఉండగా సుద్దగీత గీసి, చక్రాన్ని సరిగ్గా ఒక్క చుట్టు నడిపించి, నేల మీది దూరాన్ని 3.14తో భాగించడం మేలు.

యాక్సిల్‌లో ఏ రేషియో ఉందో తెలియని వారు హౌసింగ్ విప్పనవసరం లేదు. డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే భాగం) మామూలు రకమైతే, బండిని స్టాండు మీద భద్రంగా నిలిపి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, ఒక వెనక చక్రాన్ని కదలకుండా ఆపి, రెండోదాన్ని చేత్తో రెండు చుట్లు తిప్పాలి. ఆలోగా ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు వచ్చే షాఫ్ట్, ఎన్ని చుట్లు తిరిగితే అదే రేషియో. నా షాఫ్ట్ మీది సుద్దగీత మూడు చుట్లు దాటి కాస్త ముందుకు వచ్చి ఆగింది.

ఇక ఎంపిక. టాప్ గేరును ఒక్కదాన్నే చూసి 4.10 వేయాలనిపిస్తుంది, ఎందుకంటే 100 వద్ద అది 2,300 మాత్రమే. కానీ 700ఆర్4 ఒకటో గేరు 3.06; 4.10తో గుణిస్తే 12.5 అవుతుంది, బండి కదలగానే ఇంజన్ తన హద్దుకు చేరి ఆ గేరు అయిపోతుంది. పైగా రెండో గేరు 1.63 కావడంతో ఆ మార్పులో ఆర్‌పీఎం ఒక్కసారిగా సగానికి పడిపోతుంది. అందుకే నేను 3.73 ఎంచుకున్నాను: ఒకటో గేరులో 11.4, టాప్‌లో 2,100 ఆర్‌పీఎం. ఒకటో గేరు 2.40 ఉన్న ఫోర్డ్ ఏఓడీ గేర్‌బాక్సుకు ఇదే 3.73 వేస్తే మొత్తం 8.95 మాత్రమే కాబట్టి, అక్కడ 4.10 కూడా ఇబ్బంది పెట్టదు. గేర్‌బాక్సును చూడకుండా యాక్సిల్ రేషియో చెప్పేవారి సలహాను నేను లెక్కలోకి తీసుకోను.

క్రౌన్, పినియన్ (యాక్సిల్ రేషియోను నిర్ణయించే పళ్లచక్రాల జత) కొనేముందు డిఫరెన్షియల్ కేసు ఆ రేషియోకు సరిపోతుందో లేదో చూసుకోవాలి. కొన్ని యాక్సిల్‌లలో ఒక హద్దు దాటితే కేసునే మార్చాల్సి వస్తుంది. బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఉండే సందు), పళ్ల ముద్ర (పళ్లు ఒకదానికొకటి తాకే చోటు) సరిచేయడం అనుభవం ఉన్న చేతులకే వదిలేశాను.

ఇప్పుడు బండి ఎత్తు మీద కూడా నాలుగో గేరులోనే నిలకడగా వెళ్తోంది. స్పీడోమీటర్ మాత్రం 100 వద్ద 121 చూపించింది, ఎందుకంటే 3.73కూ 3.08కీ ఉన్న తేడా అంతే. గేర్‌బాక్సు తోక దగ్గరి చిన్న ప్లాస్టిక్ గేరును పళ్లు లెక్కపెట్టి మార్చాక, అదీ సరిగ్గా చూపుతోంది.